క్యాజువాలిటీకి వచ్చే చిక్కు కేసులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, 108 సిబ్బంది, రోగిని వెంటబెట్టుకొచ్చే బంధువులు మళ్లీ మళ్లీ అడిగేవే ఇక్కడ ఉన్నాయి. మందుల పేర్లు రాసింది ఎందుకు ఏది ఇస్తారో అర్థం కావడానికే. చదివి ఇంట్లో వైద్యం మొదలుపెట్టకండి. పరిస్థితి అత్యవసరమైతే పేజీ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.

అరుదైన కేసు అంటే ఎవరూ వినని జబ్బేనా?

చాలాసార్లు కాదు. బాగా తెలిసిన జబ్బే వేరే వేషం కట్టుకుని వస్తుంది. పాముకాటు కడుపునొప్పిగా వస్తుంది. షుగర్ పడిపోవడం పక్షవాతంలా కనిపిస్తుంది. వాంతుల మందు వికటిస్తే దయ్యం పట్టిందంటారు. పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉండే జబ్బులూ వస్తాయి గానీ, ప్రాణాలు ఎక్కువగా పోయేది మొదటి రకంలోనే. తెలిసిన జబ్బు కాబట్టి మందు ఉంటుంది, గుర్తుపట్టక ఇవ్వరు. అందుకే బాధ.

మా అనుభవంలో చిక్కు విప్పేది ఎక్కువగా కథే. రోగి ఏం పని చేస్తాడు? రాత్రి ఎక్కడ పడుకున్నాడు? ఇది ఏ కాలం? ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? ఈ నాలుగూ అడగకుండా స్కానింగ్‌కి పంపితే, ఫిల్మ్ నార్మల్ అని వస్తుంది, రోగి మాత్రం అలాగే ఉంటాడు.

జబ్బు పేరే తెలియనప్పుడు వైద్యం ఎలా మొదలుపెడతారు?

పేరుతో పని లేకుండానే. ఊపిరి దారి తెరిచి ఉందా, ఊపిరి ఆడుతోందా, నాడి, బీపీ ఎలా ఉన్నాయి, స్పృహ ఎంత ఉంది, ఒంటి వేడి ఎంత. వీటిలో ఏది దెబ్బతింటే దాన్ని అక్కడికక్కడే సరిచేస్తూ పోవాలి. ఊపిరి ఆడనివాడికి గొట్టం వేయడానికి రోగనిర్ధారణ అక్కర్లేదు.

ఆ వెంటనే వేలి నుంచి చుక్క రక్తం తీసి షుగర్ చూడాలి. ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయి, మూతి వంకర పోయి, మాట ముద్దగా వచ్చే మనిషిని చూడగానే అందరూ పక్షవాతం అనే అంటారు. కానీ గ్లూకోజ్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉండొచ్చు. గ్లూకోజ్ ఎక్కించగానే చెయ్యి లేస్తే సంతోషమే. అయితే అంతటితో ఇంటికి పంపకూడదు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకున్నవాళ్లకి, అందులోనూ కిడ్నీ దెబ్బతిన్న పెద్దవాళ్లకి, షుగర్ మళ్లీ మళ్లీ పడిపోతుంది. రోజంతా వార్డులో ఉంచి చూడాల్సిందే. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా వేసవిలో పిల్లలు ఫిట్స్‌తో చనిపోతుంటే మెదడువాపు వైరస్ కోసం ఏళ్ల తరబడి వెతికారు. 2014లో జరిగిన పరిశోధనలో చాలామంది పిల్లల్లో గ్లూకోజ్ బాగా పడిపోయినట్టు తేలింది. లిచీ పండులోని ఒక విషపదార్థానికి, రాత్రి అన్నం తినకుండా పడుకోవడానికి దీనితో సంబంధం కనిపించింది.

రాత్రి బాగానే పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. ఇప్పుడు కళ్లు తెరవలేకపోతున్నాడు. ఏమై ఉంటుంది?

వానాకాలం, పల్లెటూరు, నేల మీద పడక. ఈ మూడూ కలిస్తే మొదట అనుకోవాల్సింది కట్లపాము కాటు. వేరే కారణం రుజువయ్యేదాకా అదే అనుకోవాలి.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. పడుకున్నవాళ్లను కరుస్తుంది. కోరలు చిన్నవి, కాటు నొప్పిగా ఉండదు, వాపు రాదు, గుర్తు కూడా కనిపించకపోవచ్చు. దోమ కుట్టిందనుకుని పక్కకి తిరిగి పడుకున్నవాళ్లున్నారు. కొన్ని గంటలకు కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు మొదలవుతాయి. రాత్రి తిన్నది పడలేదని గ్యాస్ మాత్రో, సోడానో ఇస్తారు. ఇంకాసేపటికి రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మింగుడు పడదు, మాట ముక్కుతో వస్తుంది. తర్వాత మెడ నిలవదు. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి.

కాబట్టి కడుపునొప్పి రోగిని చూసేటప్పుడు కడుపుతో పాటు మొహం కూడా చూడాలి. నుదురు ముడతలు పడేలా పైకి చూడమనండి. దిండు మీద నుంచి తల ఎత్తమనండి. గట్టిగా ఊపిరి పీల్చుకుని ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనండి. ఇరవై దాటలేకపోతున్నాడంటే వెంటిలేటర్ ఉన్నచోట లేకపోతే కష్టం. ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయొచ్చు, అంబులెన్సులోనూ చేయొచ్చు.

కాటు గుర్తు లేదు, పామును ఎవరూ చూడలేదు. యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఎలా ఇస్తారు?

లక్షణాలను బట్టి ఇస్తారు. మన దేశంలో దొరికే యాంటీ స్నేక్ వీనమ్ నాలుగు పాములకి కలిపి తయారైంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. అందుకే పామును చంపి సంచిలో వేసుకుని రావాల్సిన పని లేదు. ఆ ప్రయత్నంలో ఇంకొకరు కాటు తిన్న సందర్భాలూ ఉన్నాయి. ఈ మందు తయారీకి కావాల్సిన విషంలో పెద్ద భాగం చెన్నై దగ్గర 1978లో మొదలైన ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. దాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు.

మొదట సాధారణంగా పది వయల్స్ (చిన్న మందు సీసాలు) సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. పిల్లలకీ అంతే. పాము ఎదురుగా ఉన్నది చిన్నపిల్లాడని విషం తక్కువ వదలదు కదా. టెస్ట్ డోస్ చర్మంలోకి వేసి అరగంట కూర్చోవడం పాత అలవాటు. రియాక్షన్ వస్తుందో రాదో ఆ పరీక్ష చెప్పలేదు, ఊరికే సమయం పోతుంది. దానికి బదులు అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుని మందు మొదలుపెట్టాలి. దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం మొదలైతే తొడ కండరంలోకి వెంటనే ఇవ్వాలి.

పింజరి జాతిదైతే కథ వేరు. వాపు, నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, ఎర్రటి మూత్రం. అనుమానం ఉంటే శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు టెస్ట్ ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిపోతే విషం రక్తంలోకి ఎక్కినట్టే. ట్యూబు గాజుదే కావాలి. ప్లాస్టిక్‌దైతే ఫలితాన్ని నమ్మలేం.

యాంటీ వీనమ్ ఇచ్చినా రెప్పలు లేవలేదు. మందు పనిచేయలేదా?

పనిచేసింది, కానీ దాని పని రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోవడం వరకే. కట్లపాము విషం నరాల చివరల్లోకి వెళ్లి అక్కడి తంతువులనే పాడుచేస్తుంది. అవి మళ్లీ చిగురించడానికి రోజులు పడుతుంది. అందాకా ఊపిరిని వెంటిలేటర్ చూసుకోవాలి. నాగుపాము విషం నరానికి, కండరానికి మధ్య కూర్చుని సంకేతాన్ని అడ్డుకుంటుంది. అక్కడ నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్, దాంతోపాటు అట్రోపిన్ ఇస్తే కాసేపట్లోనే రెప్పలు లేవడం చూడొచ్చు. కట్లపాముకి ఆ ఇంజెక్షన్ పెద్దగా అక్కరకు రాదు. యాంటీ వీనమ్ వయల్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ పోయినా ప్రయోజనం ఉండదు.

ఇక్కడ బంధువులకీ, కొత్త డాక్టర్లకీ ఒక హెచ్చరిక. కట్లపాము కాటు ముదిరితే కంటిపాపలు పెద్దవై వెలుతురుకి స్పందించవు, ఒళ్లంతా చచ్చుబడుతుంది, గిల్లినా కదలడు. చూసినవాళ్లు మెదడు చచ్చిపోయిందనుకుంటారు. ఆ మనిషికి అంతా వినబడుతూ ఉండొచ్చు. కాబట్టి మంచం పక్కన నిలబడి లాభం లేదని మాట్లాడకండి, వెంటిలేటర్ తీయించడానికి తొందరపడకండి. ఇలాంటివాళ్లు కొన్ని రోజులకు లేచి నడిచి ఇంటికెళ్తారు.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాట్లతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. దోమతెరను పరుపు కిందికి దోపుకుని పడుకుంటే కాట్లు తగ్గుతాయని నేపాల్ తరాయి పల్లెల్లో చూశారు. మన పొలాల పక్క ఊళ్లకి ఇంతకంటే చవకైన మందు నాకు తెలియదు.

తెల్లారేసరికి కాళ్లు కదలకపోతే పాముకాటేనా?

కాదు. రెప్పలు మామూలుగా ఉండి, మాట స్పష్టంగా ఉండి, తొడలు, భుజాలు మాత్రమే లేవకపోతే రక్తంలో పొటాషియం చూడాలి. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది 2 దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రాడు రాత్రి పెళ్లి భోజనం దండిగా తిని పడుకుంటాడు, లేదా రోజంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి పడుకుంటాడు. తెల్లారి లేవలేడు. ఇలాంటి మగవాళ్లలో కొందరికి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తూ ఉంటుంది, ఆ సంగతి వాళ్లకే తెలియదు. అన్నం, తీపి తిన్నాక పెరిగే ఇన్సులిన్ పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టేస్తుంది.

ఇక్కడే ఓ పొరపాటు జరుగుతుంటుంది. నీరసం కదా అని గ్లూకోజ్ సీసా పెడతారు. దాంతో ఇన్సులిన్ ఇంకా పెరిగి, పొటాషియం ఇంకా పడిపోయి, గుండె లయ తప్పొచ్చు. సీసా కావాలంటే గ్లూకోజ్ లేని సెలైనే. పొటాషియం కూడా ఆచితూచి, వీలైతే నోటి ద్వారా ఇస్తారు. ఎందుకంటే అది ఒంట్లోంచి పోలేదు, దాక్కుంది. బయటికి వచ్చాక ఎక్కువైపోయి ఇంకో ప్రమాదం తెస్తుంది. ఈసీజీ మానిటర్ పెట్టే ఉంచాలి.

కాళ్లలో మొదలై రోజుల తరబడి పైకి పాకే బలహీనత, మోకాలి మీద కొడితే కాలు ఎగరకపోవడం ఉంటే గులియన్ బారీ వైపు ఆలోచిస్తాం. అది శరీరపు రక్షణ వ్యవస్థే నరాల మీద పడే జబ్బు. రెప్పల నుంచి కిందికి దిగేది పాము, కాళ్ల నుంచి పైకి పాకేది గులియన్ బారీ. ఇది రాత్రి డ్యూటీలో గుర్తుపెట్టుకోవడానికి ఒక మోటు లెక్క, మినహాయింపులు ఉంటాయి.

పల్స్ ఆక్సీమీటర్ 98 చూపిస్తోంది. ఆక్సిజన్ సరిపోతున్నట్టే కదా?

రెండు సందర్భాల్లో ఆ వేలి యంత్రం అబద్ధం చెబుతుంది, రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం.

మొదటిది కార్బన్ మోనాక్సైడ్. కిటికీ లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్, చలికాలం తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి. స్నానానికి వెళ్లిన మనిషి ఎంతకీ రాక తలుపు పగలగొడతారు. లేదా ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు. ఆ వాయువు పట్టుకున్న రక్తాన్ని యంత్రం ఆక్సిజన్ ఉన్న రక్తమనే చదివి 98, 99 చూపిస్తుంది. ఆ అంకెను పక్కనపెట్టి మాస్కుతో నిండా ఆక్సిజన్ పెట్టాలి. మామూలు గాలిలో ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, పూర్తి ఆక్సిజన్‌తో గంట, గంటన్నరలో తగ్గుతుంది.

రెండోది మెథిమోగ్లోబినీమియా, అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని రూపంలోకి మారిపోవడం. పెదాలు, గోళ్లు నీలంగా ఉంటాయి, రోగి మాత్రం ఆ రంగుకి తగ్గ ఆయాసంలో ఉండడు. ఆక్సిజన్ ఎంత పెట్టినా యంత్రం 85 దగ్గరే ఆగిపోతుంది. రక్తం తీస్తే చాక్లెట్ రంగు. తెల్ల గాజుగుడ్డ మీద చుక్క వేసి గాలికి ఉంచినా ఎర్రబడదు. కారణం కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ మాత్రలు కావచ్చు. మన జిల్లాల్లో పూత బాగా రావడానికి చేలపై కొట్టే నైట్రోబెంజీన్ మందులూ, కొన్ని పురుగుమందులూ ఈ పని చేస్తాయి. విరుగుడు మిథిలిన్ బ్లూ ఇంజెక్షన్, కిలో బరువుకి ఒకటి నుంచి రెండు మిల్లీగ్రాములు, నెమ్మదిగా. ఇవ్వగానే ఆక్సీమీటర్ ఇంకా కిందికి పడిపోతుంది. కంగారు వద్దు, ఆ నీలి రంగుకి యంత్రం మళ్లీ మోసపోయిందంతే. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించినవాళ్లకి మాత్రం ఈ మందు రక్తకణాలను పగలగొడుతుంది. వాళ్లకి విటమిన్ సి, రక్తమార్పిడి లాంటి వేరే దారులు చూస్తారు.

కంటిపాపల్ని బట్టి ఏం తెలుస్తుంది?

స్పృహ సరిగా లేని మనిషి విషయంలో చాలా తెలుస్తుంది. పాపలు సూదిమొనంత చిన్నవై, నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, కళ్లలో నీళ్లు, ఊపిరితిత్తుల్లో గురగుర, నాడి నెమ్మది: ఇది ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు. పాపలు విప్పారి, నోరు పిడచకట్టి, చర్మం ఎర్రగా పొడిగా కాలిపోతూ, గాల్లో ఏదో ఏరుతున్నట్టు వేళ్లు ఆడిస్తూ ఉంటే ఉమ్మెత్త గింజలు అనుమానించాలి. ఆడుకుంటూ కాయలు విప్పి తిన్న పిల్లల్లో ఇది కనిపిస్తుంది.

పురుగుమందు నోట్లోకే వెళ్లాలని లేదు. పత్తి చేలో గాలికి ఎదురుగా, చొక్కా తడిసేలా మందు కొట్టినవాడికి చర్మం గుండా ఎక్కుతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తి రైతులు, కూలీలు ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఇంకోటి, ఆడపిల్లల తలలో పేలు చావాలని చేలో మిగిలిన మందును జుట్టుకి పట్టించడం. ఫిట్స్‌తో వచ్చిన బడిపిల్ల తలను ఓసారి వాసన చూడండి. మా దగ్గర ఈ మాట చెబితే కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. ఒకసారి చూశాక నవ్వరు.

ముందు బట్టలు తీసేసి సబ్బునీళ్లతో ఒళ్లు, జుట్టు కడగాలి, కడిగేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. అట్రోపిన్‌ను ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేస్తూ, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా, నాడి 80 దాటేదాకా ఇస్తారు. పాపలు పెద్దవయ్యేదాకా అని కొందరు అనుకుంటారు. అది సరైన గురి కాదు. ఇంకో విరుగుడు ప్రాలిడాక్సిమ్ ఎంత మేలు చేస్తుందనే దానిపై డాక్టర్లలోనే వాదన ఉంది. అట్రోపిన్, వెంటిలేటర్ విషయంలో వాదనేమీ లేదు.

ఒకటి రెండు రోజుల్లో తేరుకుని మాట్లాడుతున్న రోగిని వార్డుకి మార్చాక కూడా తల ఎత్తగలుగుతున్నాడా అని పూటపూటా చూడాలి. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి బలహీనపడే దశ ఒకటుంది. శ్రీలంక వైద్యులు దాన్ని 1987లో వివరించారు. బాగయ్యాడని డిశ్చార్జ్ చేయించుకుని తీసుకెళ్లిన తర్వాత ఊపిరాగేది ఈ దశలోనే.

మెడ పక్కకి తిరిగిపోయింది, కళ్లు పైకి వెళ్లిపోయాయి, నాలుక బయటికొచ్చింది. గాలి సోకిందంటున్నారు. నిజమేంటి?

నిన్నా మొన్నా వాంతులకి ఏ మందు వాడారో అడగండి. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, వయసులో ఉన్న ఆడపిల్లల్లో, కండరాలను ఇలా మెలితిప్పేస్తాయి. కొన్ని మానసిక వైద్యపు మందులూ అంతే. ఫిట్స్‌లా కనిపిస్తుంది గానీ రోగికి పూర్తి స్పృహ ఉంటుంది, అడిగితే సైగ చేస్తుంది. ప్రొమెథజిన్ ఇంజెక్షన్ పడితే పది ఇరవై నిమిషాల్లో మెడ దానంతటది తిరిగి వస్తుంది. ఎమర్జెన్సీ వైద్యంలో ఇంత తొందరగా, ఇంత చవగ్గా కుదిరే జబ్బు మరొకటి ఉండదేమో. మందు ఒంట్లోంచి పోయేదాకా మళ్లీ రావచ్చు కనుక రెండు మూడు రోజులు మాత్రలు ఇచ్చి పంపుతారు. ఆ వాంతుల మందు పేరు ఓపీ చీటీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి.

బాగా చదువుకునే అమ్మాయి వారం నుంచి పిచ్చిగా మాట్లాడుతోంది, ఇవాళ ఫిట్స్ వచ్చాయి. మానసిక జబ్బేనా?

అంతకుముందు ఏ సమస్యా లేని మనిషిలో కొద్ది రోజుల్లోనే ఇదంతా వచ్చి, ఫిట్స్, జ్వరం, మూతి చప్పరింపు, బీపీ ఎగుడుదిగుళ్లు తోడైతే మెదడువాపు కోసం వెతకాలి. 2007లో నరాల వైద్యుడు జోసెప్ డాల్మౌ బృందం వివరించిన ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అలాంటిదే. శరీరం తయారుచేసిన యాంటీబాడీలే మెదడు మీద పడతాయి, కొందరు ఆడపిల్లల్లో దీని వెనక అండాశయంలో చిన్న కణితి ఉంటుంది. వెన్ను నీరు పరీక్ష చేయాలి, పొట్ట స్కానింగ్ తీయాలి. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ మొదలుపెడితే ఎక్కువమంది నెలల మీద కోలుకుంటారు. భూతవైద్యుడి దగ్గర పోయిన వారాలు తిరిగి రావు.

చిన్నపిల్లల్లో, ఇంట్లో వస్తువుల వల్ల వచ్చే చిక్కు కేసులు ఏవి?

కర్పూరం. దేవుడి గూట్లో అందుబాటులో ఉంటుంది, కలకండలా తెల్లగా ఉంటుంది. మింగిన కొద్ది నిమిషాల్లోనే ముందస్తు సూచన లేకుండా ఫిట్స్ రావొచ్చు. జలుబు చేసిందని పసిపిల్లల ఛాతీకి, ముక్కుకి కర్పూరం నూనె దట్టంగా రాయడమూ మంచిది కాదు. మింగిన పిల్లల నోటి దగ్గర ఆ వాసన తెలిసిపోతుంది, వాసన చూస్తేనే. నీలగిరి తైలం కూడా ఇదే దారి. వాంతి చేయించకండి. వాంతి మధ్యలో ఫిట్ వస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిరోసిన్‌కీ ఇదే మాట.

బొత్తాం లాంటి బ్యాటరీ. రిమోట్లలో, బొమ్మల్లో ఉంటుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడను కాల్చేస్తుంది. ఎక్స్‌రేలో రూపాయి బిళ్లలా ఉంటుంది కానీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి. బిళ్లే కదా, రేపు దొడ్డికి వెళ్తే పోతుందని పంపేస్తే ఘోరం జరుగుతుంది. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, ఆస్పత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు. దానికోసం బయల్దేరడం ఆలస్యం చేయకూడదు. అసలు వైద్యం ఎండోస్కోపీతో బయటికి తీయడమే.

తేలు కుట్టింది, నొప్పి పెద్దగా లేదు. ఇంటికి పంపొచ్చా?

నల్ల తేలు నొప్పి పెట్టి ఏడిపిస్తుంది, ప్రాణం తీయడం అరుదు. ఎర్ర తేలు అలా కాదు. కుట్టినచోట నొప్పి తక్కువగా ఉండి, ఒళ్లంతా చెమటలు కారుతూ, చేతులు కాళ్లు చల్లబడుతూ, వాంతులు అవుతున్న పిల్లాడే నిజమైన ప్రమాదంలో ఉన్నాడు. మగపిల్లల్లో అంగం గట్టిపడటం కూడా ఒక గుర్తు. అడక్కుండా ఎవరూ చెప్పరు. విషం నరాలను రెచ్చగొట్టి బీపీ పెంచుతుంది, గుండె అలసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ దీనికి ప్రజోసిన్ అనే చవకైన బీపీ మాత్రను వాడి చూపించారు. అంతకుముందు తీవ్రంగా విషమెక్కినవాళ్లలో దాదాపు మూడో వంతు చనిపోయేవారు, ఆ తర్వాత అది బాగా పడిపోయింది. తేలు యాంటీ వీనమ్ కూడా కలిపి ఇస్తే ఇంకా తొందరగా కోలుకుంటారని 2011లో ఆయన అధ్యయనమే తేల్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ముఖం, మెడ ఒక్కసారిగా ఉబ్బాయి. అలర్జీ అనుకుని అడ్రినలిన్ ఇచ్చినా తగ్గలేదు. ఎందుకు?

రాయలసీమ, కోస్తా ఆస్పత్రుల్లో ఇలాంటి రోగి వస్తే జుట్టు రంగు కడుపులోకి వెళ్లిందేమోనని తప్పకుండా అడుగుతారు. అందులోని పీపీడీ అనే రసాయనం మెడను, నాలుకను ఉబ్బించి ఊపిరి దారి మూసేస్తుంది, తర్వాత కండరాలు కరిగి మూత్రం కాఫీ రంగులోకి మారి కిడ్నీలు దెబ్బతింటాయి. నేరుగా విరుగుడు లేదు. గొంతుకి దారి తొందరగా చేయడం, సెలైన్లు, అవసరమైతే డయాలసిస్ కాపాడతాయి. కావాలని తాగారా అన్న ప్రశ్నను అందరి ముందూ, గద్దిస్తూ అడగకండి. పక్కకి తీసుకెళ్లి నెమ్మదిగా అడిగితేనే నిజం చెబుతారు, ఆ నిజంతోనే వైద్యం సాగుతుంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ, తెలుగులోనూ పలుకుతారు.

ఈసీజీలో గుండెపోటులా ఉంది కానీ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వలేదు. నిర్లక్ష్యమా?

కాకపోవచ్చు. బృహద్ధమని లోపలి పొర చీలినా ఈసీజీ గుండెపోటులా మారగలదు. నొప్పి మొదలైన క్షణంలోనే భరించలేనంతగా ఉండటం, వీపులోకి దిగడం, రెండు చేతుల బీపీల మధ్య బాగా తేడా ఉండటం దీనికి గుర్తులు. అప్పుడు ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముందు సీటీ యాంజియో చేయాలి.

ఒకే ఊరి నుంచి ఒకేసారి పదులకొద్దీ జనం వస్తే?

2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది అదే. జ్వరం లేదు, కోవిడ్ కాదు. నడుస్తున్న మనిషి నడుస్తున్నట్టే పడిపోయి, ఫిట్స్ వచ్చి, కొన్ని నిమిషాల తర్వాత లేచి కూర్చునేవాడు. కొద్ది రోజుల్లో వందలమంది ఆస్పత్రికి చేరారు. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఇతర పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించాయి. కారణం తేలేదాకా డాక్టర్లు చేసింది మామూలు పనే: పక్కకి తిప్పి పడుకోబెట్టడం, ఊపిరి చూసుకోవడం, ఫిట్స్ ఆపే మందు. ఇలాంటప్పుడు మొదటి రోజే రక్తం, మూత్రం, తాగునీరు, పాలు, కూరగాయల శాంపిళ్లు తీసి దాచాలి. మూడో రోజుకి మూత్రంలో ఉన్నది పోతుంది, బిందెలో నీళ్లు మారిపోతాయి.

అదే ఏడాది మే 7న తెల్లవారకముందే విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి ఊరి మీదకి వచ్చినప్పుడు పరిస్థితి మరో రకం. పేరు త్వరగానే తెలిసింది, విరుగుడు మాత్రం లేదు. జనాన్ని గాలి తగిలేచోటికి చేర్చి, బట్టలు మార్పించి, కళ్లు నీళ్లతో కడిగి, ఆక్సిజన్ పెట్టడమే వైద్యం.

పోలీసు కేసు అంటున్నారు. రిపోర్టు లేకుండా చూస్తారా?

చూడాల్సిందే. పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు తేల్చింది: ముందు ప్రాణం, తర్వాతే పోలీసు లాంఛనాలు, ప్రభుత్వాస్పత్రి అయినా ప్రైవేటు అయినా. మెడికో లీగల్ నమోదు ఆస్పత్రి చూసుకుంటుంది. మీరు సంతకం కోసం స్టేషన్ చుట్టూ తిరగక్కర్లేదు.

ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఏం పట్టుకురావాలి?

తాగిన లేదా కొట్టిన మందు డబ్బా, ఖాళీదైనా సరే, మూత బిగించి కవర్లో వేసి. వేరే సంచిలో, అన్నం క్యారియర్‌తో కలపకుండా. మందు చీటీలు, ఇంట్లో ఎవరి మాత్రలైనా సరే, స్ట్రిప్పులతో సహా. ఆర్ఎంపీ దగ్గర ఏదైనా ఇంజెక్షన్ వేయించి ఉంటే దాని పేరు. ఆయన్ను తిడతామేమోనని దాచకండి, మాకు కావాల్సింది పేరే. పాము కనిపిస్తే దూరం నుంచి ఫోన్లో ఫోటో చాలు. తాడు కట్టి ఉంటే దారిలో విప్పకుండా అలాగే తీసుకురండి, డాక్టరు ఎదురుగా విప్పుతాం. గాయాన్ని కోయకండి, పసరు పోయకండి.

వచ్చేవాళ్లలో ఒకరైనా రాత్రి రోగి పక్కన పడుకున్నవాళ్లు, లేదా ఆఖరిసారి అతనితో మాట్లాడినవాళ్లు అయి ఉండాలి. ఊళ్లో పెద్దమనిషి వస్తే గేటు దగ్గర పని తొందరగా అవుతుందేమో గానీ, మేం అడిగేవాటికి జవాబు తెలిసేది వాళ్లకే.